నాలుగో తూము కనుపాపలు

బహుళ షష్ఠి

కొలత గది పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. ముందు పేజీలు అధికారి సుధాంశు గారివి. అక్కడ అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదని ఆయన ఆజ్ఞ. ఈ పదకొండేళ్లలో ముగ్గురు అధికారులు మారారు, ఒక్కడూ పుస్తకం వెనక్కి తిప్పిన పాపాన పోలేదు. కాబట్టి నా కడుపుమంట వెళ్లగక్కుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. నా పేరు మైలపల్లి నూకరత్నం. సముద్రానికి అడ్డంగా కట్టిన గట్టు మీద బతికేవాళ్ల కళ్లు కొలవడం నా పని.

పొద్దున్నే వచ్చి గడ్డం ఆనించే చెక్క తుడిచాను. నిన్నటి జనం కొబ్బరినూనె, పౌడరు, చెమట అన్నీ దాని మీదే ఉన్నాయి. తర్వాత కిటికీ తెర దించి దీపం సరిచూశాను. వెలుతురు రవ్వంత తేడా వచ్చినా కనుపాప దానికే పెద్దదీ చిన్నదీ అయిపోతుంది, అంకె పాడవుతుంది. మనిషిని కూర్చోబెట్టాక గుండెదడ తగ్గేదాకా వంద లెక్కపెట్టమంటాను. భయానికి కూడా కనుపాప పెద్దదవుతుంది మరి. ఈ గదిలోకి భయం లేకుండా వచ్చినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

ఆ తర్వాత గొంతు మొదలవుతుంది. గొంతు అంటే మనిషి కాదు. కేంద్రంలో ఎక్కడో తయారైన ఒక మాట్లాడే యంత్రం. తూముల్లో తలుపులు ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో ఆజ్ఞలన్నీ అదే ఇస్తుంది. నా గదిలో మాత్రం పన్నెండు వాక్యాలు చదువుతుంది. వినేవాడి బుర్ర ఎంత కష్టపడితే కనుపాప అంత సాగుతుంది. మిల్లీమీటరులో పదో వంతును మేం గీత అంటాం. మూడు గీతల లోపు సాగితే ఆ మనిషి ‘తేలిక’, ఐదు దాటితే ‘బరువు’. మధ్యలో ఉంటే ఇంకో వారం చూస్తారు.

తేలిక మనుషులు గట్టు మీద ఉంటారు. పక్కా గది, మంచినీళ్లు, తూముల్లో పని. బరువు మనుషులు దిబ్బకు పోతారు. దిబ్బ అంటే గట్టు వెనక ఉప్పుమట్టిలో వేసిన రేకుల పాకలు. అక్కడికి పోయినవాళ్ల దగ్గు ఇక్కడికి వినిపిస్తుంది.

ఇవాళ రెండో తూము మనిషి ఒకామె గుడ్లగూబ కళ్లతో వచ్చింది. గొంతు నోరు తెరవకముందే కనుపాపలు విచ్చుకుపోయి ఉన్నాయి, దీపం పెంచినా ముడుచుకోలేదు. పక్కింటిది ఈమె తువ్వాలుకు ఉమ్మెత్త రసం రాసిందన్నమాట. ఈమె దిబ్బకు పోతే గది దానికి వస్తుంది. ఆ రసం దిగిపోయేదాకా మూడు రోజులాగి రమ్మని పంపించాను. కాళ్ల మీద పడింది. కాళ్లు పట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట, లెమ్మని కసిరాను.


బహుళ దశమి

ఇవాళ నాలుగో తూము వాళ్ల వంతు. తూము మనుషులకు వారానికోసారి కొలత.

పందొమ్మిది మంది. అందులో పద్దెనిమిది మందికి ఒక గీత, అరగీత. అధికారి మురిసిపోతాడు. నాలుగో తూము వాళ్లంత చురుకైనవాళ్లు గట్టు మొత్తంలో లేరట. వాళ్లను నెత్తిన పెట్టుకుని కేంద్రానికి నివేదికలు కూడా పంపాడు. అసలు సంగతి ఆయనకు చెప్పేవాళ్లు లేరు. నేనైతే చెప్పను.

మావాళ్లంతా గంగపుత్రులు. సముద్రం ఊళ్లను మింగకముందు పడవల్లో పోయేవాళ్లు. హోరుగాలిలో పదిమంది పది రకాలుగా వింటే పడవ తలకిందులవుతుందని, పడవకు ఒక్క మనిషినే వినడానికి పెట్టుకున్నారు. ఆ మనిషి చెవిమనిషి. మిగతావాళ్లు చెవులు వదిలేసి ఆ చేతినే చూస్తారు. రెండు వేళ్లు చూపిస్తే ఎత్తు, పిడికిలి చూపిస్తే దించు, అరచెయ్యి చూపిస్తే ఆగు. చెవిమనిషిని ‘నిజమేనా’ అని అడగడం మాలో లేదు. అడిగితే పడవకు కన్నం పెట్టినట్టే.

తూముల్లోకి వచ్చాక కూడా ఆ అలవాటు వదల్లేదు. ఆ పద్దెనిమిది మందీ గొంతును వినరు. నా కుర్చీలో కూర్చున్నా వినరు. గాలి వీచినట్టు పక్కనుంచి పోనిస్తారు. వినే కష్టం లేనప్పుడు కనుపాప ఎందుకు కదులుతుంది?

పందొమ్మిదో మనిషి వాళ్ల చెవిమనిషి, నా చెల్లెలు పరదేశమ్మ. ఆమె అంకె ఇవాళ ఆరున్నర గీతలు. తొమ్మిదేళ్లుగా తూము గోడల మధ్య నీటి రొదలో ఆ గొంతును ఏరుకుంటోంది. పుస్తకంలో నాలుగున్నర అని రాశాను. ఈ ఏడాదిలో ఇలా రాయడం ఇది నాలుగోసారి. యంత్రంలో అంకె చెరిపి కొత్తది కొట్టడం చేతికి అలవాటైపోయింది.


బహుళ చతుర్దశి

అమావాస్య పోటు దగ్గరపడిందని నాలుగో తూమును మళ్లీ కొలవమన్నారు. పరదేశి అంకె ఒకటి.

మొదట యంత్రం పాడైందనుకున్నాను. దీపం చూశాను, చెక్క తుడిచాను, మళ్లీ కొలిచాను. ఒకటి. ఆరున్నర నుంచి ఒకటి. ఇన్నాళ్లకు గొంతు మాట దాని చెవికి అలవాటు పడిందనుకున్నాను. దొంగ అంకె రాయాల్సిన పని లేకుండా ఉన్నదున్నట్టు రాసి, సంతకం పెట్టి, బయటికొచ్చి ఏడ్చాను. పదకొండేళ్లలో ఈ గది గుమ్మంలో ఏడ్చినవాళ్లను వందలమందిని చూశాను. సంతోషంతో ఏడ్చింది నేనొక్కదాన్నే.

సాయంత్రం నెత్తళ్ల చేపల పులుసు పెట్టాను. మేమిద్దరం ఒకే గదిలో ఉంటాం. పరదేశి తల వంచుకుని తింది.

“ఉప్పు సరిపోయిందేటే?” అన్నాను. పలకలేదు. ఈ మధ్య దానికి పొగరెక్కువైంది, పదిసార్లు పిలిచినా తల తిప్పదు. సరేలే, ఈ పూట ఏమీ అనకూడదని ఊరుకున్నాను.


అమావాస్య

దానయ్య కాలు పోయింది.

పోటు నిండుగా ఉన్నప్పుడు నాలుగో తూములో ఎడమ తలుపు లేచింది. ఆ తూములోనే పనిచేసే దానయ్య దాని పక్కనే ఉన్నాడు. తలుపుకూ గోడకూ మధ్య నలిగి మోకాలి కింద ఏమీ మిగల్లేదు. పైకి మోసుకొచ్చినవాళ్లలో వాడి తల్లి ఎర్రమ్మ కూడా ఉంది. ఆ తూములో అందరికంటే పెద్దది ఆమే.

తలుపు దానంతటదే ఎగదన్నిందని అందరూ ఒకేలా చెప్పారు. సుధాంశు గారు అలాగే రాసుకున్నాడు. ఎవరూ పరదేశి వైపు చూడలేదు. చూడకపోవడంలోనే నాకు ఏదో తేడా కొట్టింది.

గొంతు ఇచ్చే ఆజ్ఞల చీటీలు నా గదిలోనే పడతాయి. ఆ నిమిషానికి పడిన చీటీ తీసి చదివాను. ‘ఎడమ తలుపును దించియుంచవలెను.’ ఎత్తమని ఎక్కడా లేదు.


శుద్ధ విదియ

రెండు రోజులు నోరు బిగపట్టుకున్నాను. ఇవాళ ఇక నా వల్ల కాలేదు. పరదేశి బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని, చేట లాగేసి, చీటీ దాని ముందు పెట్టాను.

“నువ్వేటి సూపించినావు?”

నా పెదాల వంకే చూసింది. అప్పుడు అర్థమైంది నాకు. అది ఏడాదిగా అందరి పెదాల వంకే చూస్తోంది. నేను పొగరనుకున్నది పొగరు కాదు.

“ఎత్తమని రెండు వేళ్లు సూపించినాను” అంది.

“గొంతేటి సెప్పింది, నీకేటి ఇనబడింది?”

“నానిన్నేదప్పా.” చీటీని పక్కకు తోసి మళ్లీ అంది. “ఇనడం ఒగ్గీసినాను. మునుపు సానా కట్టపడి ఇనీదాన్ని. తలకాయ పగిలిపోయీది. ఇంటికొచ్చి తొంగుంటే నిద్దట్లో కూడా దాని మాటలే ఏరుకునీదాన్ని. ఓ దినం ఇంక నావల్ల కాక ఒగ్గీసినాను. ఎంత సుకంగా ఉందో నీకెలా సెప్పీది.”

“మరి సెయ్యెలా ఎత్తుతున్నావే?”

“నీటి సప్పుడు బట్టి, కాళ్లకింద అదురు బట్టి. తొమ్మిదేళ్ల నుంచి సేత్తన్నాను కదా. సగానికి సగం సరిపోతాది.”

“మిగతా సగం?”

“మిగతా సగం దానయ్య కాలు” అని చేట తీసుకుని మళ్లీ బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది.

నేను ఎంత మూర్ఖురాలినో రాసుకుంటాను. కనుపాప సాగకపోవడానికి రెండు కారణాలుంటాయి. వినడం తేలికవడం ఒకటి. వినడం మొత్తానికి మానేయడం రెండోది. రెండింటికీ యంత్రంలో పడే అంకె ఒకటే. పదకొండేళ్లు ఆ యంత్రం ముందు కూర్చున్నదాన్ని, నా చెల్లెలు చేతులెత్తేసిన రోజున నెత్తళ్ల పులుసు పెట్టాను.


శుద్ధ పంచమి

సుధాంశు గారి దగ్గరికి పోయాను. పరదేశి పేరు చెప్పకుండా మాట తిప్పి అడిగాను.

“సారూ, మోయలేనంత బరువు కట్టితే ఎద్దు కూలబడిపోద్ది. కూలబడిన ఎద్దుకి సెమట పట్టదు. సెమట నేదని బరువు నేదంతామా?”

ఆయన నవ్వాడు. ముప్ఫై రెండేళ్లు ఉంటాయేమో. చేతులు ఎప్పుడూ పొడిగా, శుభ్రంగా ఉంటాయి. “నూకరత్నం గారూ, గోడ మీద రాసిన మాట మీకు తెలుసు కదా. నోరు అబద్ధమాడుతుంది, కన్ను ఆడదు. అందుకే మనం ఎవరినీ విన్నది తిరిగి చెప్పమని అడగం. కంఠస్థం చేసుకొచ్చి అప్పజెప్పేస్తారు. మీ అనుమానానికి మీ అంకెలే సమాధానం. గట్టు మొత్తం మీద సగటు మూడు నుంచి ఒకటిన్నరకు దిగింది. ఇది మన విజయమమ్మా.”

తర్వాత కేంద్రం ఉత్తర్వు చూపించాడు. అంకెలు ఇంత తేలిగ్గా ఉన్నాయి కాబట్టి జనం బుర్రల్లో ఇంకా బోలెడు ఖాళీ ఉందట. పౌర్ణమి నుంచి గొంతు నాలుగో వంతు ఎక్కువ వేగంగా మాట్లాడుతుంది, ఆజ్ఞలు కూడా పెరుగుతాయి. ఈ కొత్త వేగాన్ని మొదట నాలుగో తూముకే ఇస్తున్నారు. అది వాళ్లకు బహుమానమట.

పౌర్ణమి పోటు ఈ ఏడాదిలోకెల్లా పెద్దది. పోటు పూర్తిగా ఎక్కేలోపు దిగి, తలుపులు సరిచేసి, గొంతు చెప్పిన నిమిషానికి పైకి వచ్చెయ్యాలి. ఆ నిమిషం తప్పితే తూము కప్పుదాకా నిండిపోతుంది. పద్దెనిమిది మంది పరదేశి చెయ్యి చూస్తూ లోపల నిలబడి ఉంటారు. బయటికొచ్చాక గోడకు తల బాదుకోవాలనిపించింది.


శుద్ధ అష్టమి

మధ్యాహ్నం ఆయన భోజనానికి పోయిన వేళ, నిషేధించిన పని చేశాను. పరదేశిని కుర్చీలో కూర్చోబెట్టి గొంతును పెట్టాను. పన్నెండు వాక్యాలయ్యాక, విన్నవి తిరిగి చెప్పమన్నాను. అంకె ఒక గీత. చెప్పగలిగినవి రెండు వాక్యాలు, అవీ సగం ఊహే.

తర్వాత గొంతును ఆపేసి, అవే వాక్యాలు నేను చదివాను. దాని ముఖానికి ఎదురుగా నిలబడి, నిదానంగా, మా మాటల్లోకి మార్చి. అంకె ఐదున్నర గీతలు. పన్నెండింటిలో పదకొండు తిరిగి చెప్పింది. పాతికేళ్ల కిందట నా దగ్గర ఎక్కాలు అప్పజెప్పినట్టే వేళ్లు మడుస్తూ చెప్పింది.

మిగతా తూముల నుంచి, ఈ ఏడాదిలో అంకెలు బాగా దిగిపోయినవాళ్లను ఐదుగుర్ని పిలిచి ఇదే పరీక్ష పెట్టాను. అందరిదీ ఇదే వరస. గొంతు మాట్లాడితే అరగీత, ఒకటి. ఏం విన్నారంటే దిక్కులు చూశారు. ఒకతను మాత్రం చేతులు జోడించి, “దిబ్బకి పంపకమ్మా, ఇకనించి ఇంతాను” అన్నాడు.

మా కొలత ప్రకారం విననివాడు తేలిక, విన్నవాడు బరువు. వినడానికి తల బద్దలుకొట్టుకున్న ప్రతివాణ్ణీ పదకొండేళ్లుగా నా చేత్తో దిబ్బకు పంపాను.


శుద్ధ దశమి

కాగితం మీద అన్నీ రాసుకుని, ఈసారి దాపరికం లేకుండా చెప్పడానికి ఆయన్ను కొలత గదికి రమ్మన్నాను. నా గదిలో కుర్చీ ఒక్కటే, అది కొలత కుర్చీ. ఆయన ఎప్పుడొచ్చినా అందులోనే కూర్చుంటాడు. ఇవాళా అలాగే కూర్చుని, గడ్డం చెక్క మీద ఆనించి, చెప్పండన్నట్టు చూశాడు. ఎదురుగా కళ్లు కనిపిస్తే యంత్రం దానంతటదే రాసుకుపోతుంది. నేను ఆపలేదు.

మా మాటల్లోనే చెప్పాను. చెల్లెలి చెవులు పోయాయని చెప్పాను. దొంగ అంకెలు రాసింది నేనేనని ఒప్పుకున్నాను. చీటీలో ఏముందో, దానయ్య కాలు ఎలా పోయిందో, పౌర్ణమి నాడు పందొమ్మిది మందికి ఏం కాబోతోందో ఒక్కటీ దాచకుండా చెప్పాను. ఆయన మధ్యమధ్యలో ఊఁ కొడుతూనే ఉన్నాడు.

అయ్యాక అంకె కనిపించే యంత్రం తెర ఆయన వైపు తిప్పాను.

“సారూ, మీ అంకె అరగీత. నా మాట సానా తేలిగ్గా ఇన్నారు. ఇప్పుడు నానేటి సెప్నానో మీరు సెప్పండి.”

“దానయ్య విషయం... తలుపు మరమ్మతు అడుగుతున్నారు. రాసి పంపిస్తానమ్మా” అన్నాడు.

“నా సెల్లి గురించేటి సెప్నాను?”

ఆయన చూపు తెర మీది అంకె మీదకు పోయింది. మెడ దగ్గర్నుంచి ఎర్రబడటం చూశాను. లేచి తెర మీది అంకెను చెరిపేశాడు. కుర్చీ వైపు చూపించి, “మీరు కూర్చోండి” అన్నాడు. అంత మెత్తగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. కూర్చున్నాను. గొంతును కొత్త వేగంలో పెట్టాడు. కోపానికీ కనుపాప పెద్దదవుతుంది, వంద లెక్కపెట్టనివ్వాలి. ఆయన పది కూడా లెక్కపెట్టనివ్వలేదు. ఏడు గీతలు వచ్చింది. పుస్తకం లాక్కుని, ముందు పేజీలో, నా పేరు ఎదురుగా తన చేత్తో ‘బరువు’ అని రాశాడు.

“పౌర్ణమి అయ్యాక మీరు దిబ్బకు మారాలి. పరదేశమ్మ తూములోనే ఉంటుంది. ఆమె అంకె ఒకటి.”

వచ్చేటప్పుడు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఆయన చూశాడు గాని అడగలేదు.


శుద్ధ చతుర్దశి

పరదేశికీ నాకూ పెద్ద గొడవైంది. రేపు తూము దగ్గరికొచ్చి అందరికీ చెప్పేస్తానన్నాను.

“సెప్పినావంటే నాను సచ్చిపోతాను” అంది. “తొమ్మిదేళ్లు ఆళ్లు నా సెయ్యి తప్ప ఇంకేటీ సూడనేదు.”

“సెప్పకపోతే ఆళ్లు సస్తారే!”

చేతిలోని పళ్లెం గోడకేసి కొట్టింది. “నువ్వా నాకు సెప్పీది? ఆరున్నర వచ్చిన దినాన ఆరున్నరే రాసుంటే నాను అప్పుడే దిబ్బకి పోదును. దానయ్యకి రెండు కాళ్లూ ఉండును. నన్ను ఈ తూములో అట్టిపెట్టింది నువ్వు కాదేటి?”

కింద కూర్చుని చెదిరిన అన్నం మెతుకులు ఏరాను. అది అన్నది అక్షరాలా నిజం. దాన్ని కాపాడుతున్నాననుకుని నేను చేసిన పని వాడి కాలు తీసింది. అయినా రేపు పోతాను, నన్ను అసహ్యించుకుంటే అసహ్యించుకోనీ.


పౌర్ణమి

పొద్దున్న ఎనిమిదిన్నరకే తూము మెట్ల దగ్గర ఉన్నాను. దానయ్య బదులు కొత్త మనిషి వచ్చాడు. పందొమ్మిది మందీ నడుములు బిగించి దిగడానికి సిద్ధంగా ఉన్నారు. సముద్రం అప్పటికే గట్టు రాళ్లను తన్నుతోంది.

“ఆగండర్రా! మీ సెవిమనిసికి...” అని అరిచాను.

ఎర్రమ్మ నా వైపు తిరిగింది. “నూకరత్నమా, నోర్ముయ్యి. నువ్వు బరువు మనిసివి, నీకిక్కడేటి పని? సెవిమనిసి సంగతి సెవిమనిసే సెప్పాల.”

ఆమె కొడుకు కాలు పోయింది. అయినా అడగదు, ఇంకొకర్ని అడగనివ్వదు. మిగతావాళ్లు నా వైపు కనీసం చూడను కూడా లేదు. నేను అరిచిన మాట ఒక్క చెవిలోకీ పోలేదు. వాళ్లంతా ఎప్పట్లాగే చెల్లెలి చేతినే చూస్తున్నారు.

పరదేశి మాత్రం నా పెదాలు చూసింది. నేను ఏం చెప్పబోయానో దానికి తెలుసు.

అప్పుడే గొంతు మొదలైంది. కొత్త వేగం. ‘నాలుగవ ద్వారం సిబ్బంది దిగవలెను’ అన్నది మాత్రం నాకు అందింది. ఆ వెనక కుడి తలుపు, నిమిషాలు, మెట్లు అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి పోయాయి. మంచి చెవులున్న నాకే సగం అర్థం కాలేదు.

పరదేశి చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించింది. అంటే ఆగు.

పద్దెనిమిది మందీ మొదటి మెట్టు మీదే ఆగిపోయారు. గొంతు మళ్లీ చెప్పింది, ఇంకోసారి చెప్పింది. అరచెయ్యి అలాగే ఉంది. ఎర్రమ్మ ఒకసారి తూము లోపలికి చూసింది, ఒకసారి ఆ చేతిని చూసింది, మెట్టు మీద చతికిలబడింది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. పై నుంచి ఎవరో సుధాంశు గారి పేరు చెప్పి కేకలేశారు. ఎవరూ తల తిప్పలేదు.

తొమ్మిదీ పదికి పోటు తూములోకి దూకింది. కప్పుదాకా నిండి, మెట్లెక్కి, వాళ్ల పాదాలు తడిపింది. దిగుంటే ఆ నిమిషానికి అందరూ లోపలే ఉండేవాళ్లు. తూము తలుపులు సరిచేసేవాళ్లు లేక గట్టు లోపల మురుగుకాలవలు వెనక్కి తన్ని, ఆఫీసు గుమ్మంలోకి నల్లటి నీళ్లు వచ్చాయని తర్వాత తెలిసింది. నాకేమీ బాధ కలగలేదు.

పోయి పరదేశి చెయ్యి పట్టుకుందామని ఒక అడుగు వేశాను. అది చూసిన చూపుకు అక్కడే ఆగిపోయాను.

నీళ్లు నెమ్మదించాక, చెయ్యి దించకుండానే చెప్పింది. “నాకు ఇనబడ్డం నేదర్రా. శానా దినాల నుంచి ఇనబడ్డం నేదు. దానయ్య కాలు తలుపు వల్ల పోనేదు, నావల్ల పోయింది.”

ఎర్రమ్మ లేచింది. నిదానంగా మెట్లెక్కి వచ్చి పరదేశి చెంప ఛెళ్లుమనిపించింది. పరదేశి కదల్లేదు. చెయ్యి ఇంకా పైనే బిగుసుకుపోయి ఉంది, దించడం దానికి చేతకావడం లేదు. ఎర్రమ్మే ఆ మోచెయ్యి పట్టుకుని, మెల్లగా మడిచి కిందికి దించింది. ఆ తర్వాత వెళ్లిపోయింది.


బహుళ పాడ్యమి

మబ్బు పట్టింది. నాలుగో తూము వాళ్లందర్నీ కుటుంబాలతో సహా గట్టు చివర నిలబెట్టారు. మా మూటలు కూడా అక్కడే ఉన్నాయి. పరదేశి నిన్నటి నుంచి నాతో మాట్లాడలేదు, నాకు వీపు తిప్పి మూట మీద కూర్చుంది. ఎవరూ దాన్ని పలకరించలేదు. అలాగని దాని దగ్గర్నుంచి దూరంగా జరిగి కూర్చున్నవాళ్లు కూడా లేరు.

సుధాంశు గారు కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. బురద బూట్లకు అంటుకుంది. ఆజ్ఞోల్లంఘన, శ్రవణభారం, స్థానచలనం. ఒక్కొక్క మాటా నోట్లో చేపముల్లు ఉన్నట్టు ఆచితూచి పలుకుతున్నాడు. జనం ఎవరి దోవన వాళ్లు సముద్రం వైపు చూస్తున్నారు. పద్దెనిమిది మంది కళ్లూ ఎప్పట్లాగే ప్రశాంతంగా ఉన్నాయి. ఇప్పుడు వాళ్లు చూడ్డానికి ఎవరి చెయ్యీ లేదు.

పరదేశి నా వైపు తిరిగింది. ఒక చెంప ఇంకా ఉబ్బే ఉంది.

“ఏటంతన్నాడు?”

ఏడాదిగా ఇది నన్ను ఏదీ అడగలేదు. ఎవరినీ అడగలేదు. తెలిసినట్టు తలూపి పక్కకు పోయేది. నేను దాని ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాను. “మనందర్నీ దిబ్బకి పొమ్మంతన్నాడు. మాపటికల్లా దిగిపోవాలంట. ఇక తూము పని నేదంట.”

కనుబొమలు ముడిచి నా నోటి వంకే చూసింది. “మల్లీ సెప్పు.”

మళ్లీ చెప్పాను. పదకొండేళ్ల అలవాటు కొద్దీ దాని కళ్లలోకి చూశాను. కనుపాప పెద్దదైందని ఇక్కడ రాయాలని ఉంది. యంత్రం లేకుండా ఆ తేడా మనిషి కంటికి ఆనదని నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు, కాబట్టి రాయను.

దానికి సగమే అందింది. నా చెయ్యి పట్టుకుని లాగి మూడోసారి అడిగింది. నాకు విసుగొచ్చింది, అయినా మూడోసారి చెప్పాను.